మా అప్‌లోడర్‌కు సర్టిఫికేట్ తీర్పు ఎవరు చెప్పాలి: ప్రాజెక్టు డైరీ

సోమవారం

విశాఖలో ఒక క్లయింట్ దగ్గర మా బిల్లుల అప్‌లోడర్ (అమ్మకాల లెక్కను మా సర్వర్‌కు పంపే ప్రోగ్రామ్) శుక్రవారం నుంచి పనిచేయడం లేదు. లాగ్ తెరిస్తే ఒకటే లైను వరసగా: ‘సర్టిఫికేట్ వెరిఫై ఫెయిల్డ్, అన్‌ఏబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికేట్’. అంటే ‘నేనే అసలు సర్వర్‌ని’ అని చూపే సర్టిఫికేట్‌ను ఇచ్చిందెవరో మా ప్రోగ్రామ్ తేల్చుకోలేకపోయింది. అక్కడ ఐటీ చూసే ఆయన ఫోన్ ఎత్తగానే అన్న మాట: “మా క్రోమ్‌లో మీ సైటు బ్రహ్మాండంగా తెరుచుకుంటోంది సార్. మీ సాఫ్ట్‌వేర్‌కే ఏమొచ్చింది?”

ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. కాసేపు మాట్లాడితే సంగతి బయటపడింది. ఆఫీసులో కొత్త ఫైర్‌వాల్ పెట్టారు. బయటికి పోయే ప్రతి హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్‌ను అది మధ్యలో విప్పి చూసి, తన సొంత సర్టిఫికేట్‌తో మళ్ళీ కట్టి లోపలికి ఇస్తుంది. ఆ ఫైర్‌వాల్ రూట్ సర్టిఫికేట్‌ను (మిగతా సర్టిఫికేట్లకు మూలమైన, ముందే నమ్మి ఉంచుకునే సర్టిఫికేట్) గ్రూప్ పాలసీతో (ఆఫీసు కంప్యూటర్లకు ఒకేచోటి నుంచి సెట్టింగులు పంపే విండోస్ పద్ధతి) కంప్యూటర్లన్నింటిలోకీ ఎక్కించామన్నారు. కాబట్టి విండోస్‌కు తెలుసు. క్రోమ్‌కూ తెలుసు. 2022లో వచ్చిన 105వ వెర్షన్ నుంచి క్రోమ్ తన సొంత రూట్ జాబితాకు, సొంత వెరిఫయర్‌కు (సర్టిఫికేట్‌ను సరిచూసే భాగానికి) మారుతూ వచ్చినా, అడ్మిన్ చేర్చిన రూట్లను మాత్రం ఇప్పటికీ ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరే తీసుకుంటుంది. తెలియనిదల్లా మా అప్‌లోడర్‌కే. అది పైథాన్‌లో రాసింది, రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడుతుంది. రిక్వెస్ట్స్ చూసేది సర్టిఫై అనే ప్యాకేజీలోని ఫైలు, అంటే మొజిల్లా నమ్మే రూట్ల జాబితా. మేం ఎక్స్‌ఈ (క్లయింట్‌కు ఇచ్చే ప్రోగ్రామ్ ఫైలు) కట్టిన రోజున ఆ ఫైలు ఎలా ఉందో, క్లయింట్ దగ్గర ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది.

సపోర్ట్ వాట్సాప్ గ్రూపులో అప్పుడే సలహా వచ్చేసింది. “వెరిఫై దగ్గర ఫాల్స్ పెట్టేస్తే పోతుంది కదన్నా, రెండు నిమిషాల పని.” పోతుంది, నిజమే, ఎందుకంటే అది సర్టిఫికేట్ తనిఖీనే ఆపేస్తుంది. అప్‌లోడర్ ప్రతి రిక్వెస్టులోనూ లాగిన్ టోకెన్ పంపుతుంది, దాని వెనకే క్లయింట్ అమ్మకాల లెక్కంతా పోతుంది. ఆ లైను పెట్టాక అదే వైఫైలో కూర్చున్న ఎవడైనా ‘నేనే మీ సర్వర్‌ని’ అంటే మా ప్రోగ్రామ్ తలూపి మొత్తం ఇచ్చేస్తుంది. పైగా అలాంటి లైను ఒకసారి కోడ్‌లోకి వచ్చిందంటే దాన్ని తీసే తీరిక ఎవరికీ దొరకదు. గ్రూపులో వద్దని రాసి, రేపటికల్లా ఏదో ఒకటి ఇస్తానన్నాను.

మంగళవారం

విశాఖకు తాత్కాలికంగా ఇచ్చింది ఇది: ఫైర్‌వాల్ రూట్‌ను ఒక ఫైల్లో పెట్టి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో రిక్వెస్ట్స్‌కు ఆ ఫైలు చూపించడం. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ వేరియబుల్ పెడితే మన ఫైలు పాత జాబితాకు తోడుగా చేరదు, దాని స్థానంలో కూర్చుంటుంది. ఫైల్లో ఫైర్‌వాల్ రూట్ ఒక్కటే ఉంటే ఆఫీసులో అంతా బాగుంటుంది. అకౌంటెంట్ ల్యాప్‌టాప్ ఇంటికి తీసుకెళ్ళి హాట్‌స్పాట్ మీద అప్‌లోడ్ కొడితే మాత్రం అసలు సర్టిఫికేట్ వస్తుంది, దాని రూట్ ఫైల్లో ఉండదు. అందుకని రెండింటినీ కలిపి ఒక ఫైలు చేసి పంపాను. పని నడుస్తోంది. కానీ ప్రతి క్లయింట్‌కూ ఇలా వంట వండి పెట్టలేం. వాళ్ళ ఫైర్‌వాల్ సర్టిఫికేట్ మారినప్పుడల్లా ఫోన్ మాకే వస్తుంది.

తర్వాత తోచేది విండోస్ దగ్గరున్న రూట్ల జాబితాను చదివేసుకోవడం. పైథాన్‌లోనే ఆ సదుపాయం ఉంది. డీఫాల్ట్ సర్టిఫికేట్లు లోడ్ చేయమంటే విండోస్‌లో ‘రూట్’, ‘సీఏ’ అనే రెండు స్టోర్లు (సర్టిఫికేట్లు దాచే చోట్లు) తిరగేసి, పైథాన్ తరఫున సర్టిఫికేట్లు సరిచూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీకి అందిస్తుంది. ఫైర్‌వాల్ రూట్ అందులో వస్తుంది. అయిపోయిందనిపిస్తుంది.

కొత్తగా విండోస్ ఎక్కించిన వర్చువల్ మెషిన్‌లో పెట్టి చూశాను. మా సర్వర్ వరకు బాగానే ఉంది. అంతగా వాడుకలో లేని రూట్ కింద సర్టిఫికేట్ తీసుకున్న ఒక మామూలు పబ్లిక్ సైటుకు పంపిస్తే మళ్ళీ అదే ఎర్రర్. అదే మెషిన్‌లో పవర్‌షెల్ తెరిచి ‘ఇన్‌వోక్ వెబ్‌రిక్వెస్ట్’తో అదే సైటు అడిగితే జవాబు వచ్చింది. వెంటనే నా స్క్రిప్ట్ మళ్ళీ నడిపితే, ఒక్క అక్షరం మార్చకుండానే ఈసారి పనిచేసింది. సర్టిఫికేట్ మేనేజర్ విండో రిఫ్రెష్ చేస్తే ఇందాక లేని రూట్ ఒకటి అక్కడ కూర్చుని ఉంది.

ఇందులో వింతేమీ లేదు, విండోస్ కట్టిన తీరే అంత. మైక్రోసాఫ్ట్ నమ్మే రూట్లన్నీ మొదటి రోజే కంప్యూటర్‌లో ఉండవు. ఏదైనా చైన్‌ను (సైటు సర్టిఫికేట్ నుంచి రూట్ దాకా ఒకదానిపై ఒకటి సంతకం చేసిన సర్టిఫికేట్ల వరసను) సరిచూసేటప్పుడు తెలియని రూట్ ఎదురైతే విండోస్ అప్పటికప్పుడు మైక్రోసాఫ్ట్ జాబితాలో వెతికి, ఉంటే దించుకుని స్టోర్‌లో పెడుతుంది. అంటే ఆ స్టోర్‌లో కనిపించేవి ఇప్పటిదాకా అవసరం పడ్డ రూట్లే, విండోస్ నమ్మేవన్నీ కావు. ‘ఒకసారి ఎడ్జ్‌లో సైటు తెరవండి, సరిపోతుంది’ అన్న పాత చిట్కా కూడా ఇప్పుడు నమ్మదగ్గది కాదు. ఎడ్జ్ కూడా సొంత వెరిఫయర్‌కు మారిపోయింది. అందుకే పవర్‌షెల్ వాడాను.

జాబితా చదువుకోవడంలో రెండో లోటు ఇంతకన్నా పెద్దది. 2014 జులైలో గూగుల్ తన డొమైన్ల పేరుతో అనుమతి లేని సర్టిఫికేట్లు జారీ అయినట్టు కనిపెట్టింది. వాటిని ఇచ్చింది మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ కింద ఉన్న ఇంటర్మీడియట్ సర్టిఫికేట్లు (రూట్‌కూ సైటు సర్టిఫికేట్‌కూ మధ్య ఉండేవి). వాటి పైనున్న రూట్ భారత ప్రభుత్వపు సీసీఏది, అంటే కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్‌ది. ఆ రూట్ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉంది కాబట్టి విండోస్ ప్రోగ్రాములు వాటిని నమ్మేవి. ఫైర్‌ఫాక్స్ సొంత జాబితాలో ఆ రూట్ లేదు, దానికి ఇబ్బంది రాలేదు. మైక్రోసాఫ్ట్ అప్పుడు చేసింది రూట్‌ను పీకేయడం కాదు, ఆ ఇంటర్మీడియట్లను నమ్మకూడని వాటి జాబితాలో వేసి అప్‌డేట్ పంపింది. క్రోమ్ అయితే ఆ రూట్‌ను గవ్.ఇన్, నిక్.ఇన్ లాంటి కొన్ని డొమైన్లకే పరిమితం చేసింది. ఇప్పుడు ఆలోచించండి: రూట్ల స్టోర్ ఒక్కటే చదువుకునే ప్రోగ్రామ్‌కు ఈ నిషేధం ఎక్కడ కనిపిస్తుంది? రూట్ ఉంది, సంతకాలు కలిశాయి, రైట్ అంటుంది. ఓటర్ల జాబితా జిరాక్స్ చేతిలో ఉన్నంత మాత్రాన పోలింగ్ ఆఫీసర్ అయిపోరు కదా.

కాబట్టి దారి మార్చాం. విండోస్ దగ్గర జాబితా అడగం. సర్టిఫికేట్ చైన్‌ను దాని చేతిలో పెట్టి, ఫలానా పేరుగల సర్వర్‌కు ఇది చెల్లుతుందా అని అడుగుతాం. తీర్పు దానిదే.

గురువారం

ఈ పని చేసే పైథాన్ లైబ్రరీ పేరు ట్రస్ట్‌స్టోర్. కొత్తదేం కాదు. పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్ కూడా 24.2 వెర్షన్ నుంచి, పైథాన్ 3.10 లేదా ఆపైన ఉంటే, దీన్నే డీఫాల్ట్‌గా వాడుతోంది. మా ఎక్స్‌ఈ మొన్నటిదాకా 3.9 మీదే ఉండేది. దాన్ని 3.12కు తేవడానికే నిన్నంతా పట్టింది, రాయదగ్గ విశేషాలేమీ లేవు.

ఒక్క లైనుతో ప్రోగ్రామ్ మొత్తానికి ఎక్కించే సదుపాయం ఆ లైబ్రరీలో ఉంది. లైబ్రరీలు రాసేవాళ్ళు దాన్ని వాడొద్దని వాళ్ళే హెచ్చరిస్తారు. మాది పూర్తి అప్లికేషన్ కాబట్టి వాడొచ్చు, అయినా వాడలేదు. అప్‌లోడర్ చేసేది నాలుగు రకాల రిక్వెస్టులు, అంతే. రిక్వెస్ట్స్ తనంతట తాను సర్టిఫై ఫైలును అందిస్తూ ఉంటుంది. నమ్మకం ఎక్కడి నుంచి వస్తోందో కోడ్ చదివేవాడికి ఒక్క చోట కనపడాలని, రిక్వెస్ట్స్‌ను తీసేసి, దాని కింద పనిచేసే యూఆర్‌ఎల్‌లిబ్3కే నేరుగా ట్రస్ట్‌స్టోర్ కాంటెక్స్ట్ (తనిఖీ సెట్టింగులు) ఇచ్చాను.

రాత్రి ట్రస్ట్‌స్టోర్ సోర్స్ చదువుతుంటే ఒక చోట గుండె జారింది. విండోస్, మ్యాక్‌లలో అది హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్లో రెండు వైపులా చేసుకునే పరిచయం) సమయంలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తనిఖీని ఆపేస్తుంది! వెరిఫై ఫాల్స్ వద్దని సోమవారం అంత గట్టిగా చెప్పి, చివరికి తెచ్చుకున్నది ఇదేనా అనిపించింది. కింది దాకా చదివితే టెన్షన్ పోయింది. హ్యాండ్‌షేక్ పూర్తవగానే, మన డేటా ఒక్క బైటు కూడా పోకముందే, సర్వర్ పంపిన చైన్‌ను యథాతథంగా తీసుకుని ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇస్తుంది. అది కాదంటే అక్కడే ఎర్రర్ లేస్తుంది. టోకెన్ బయటికి వెళ్ళదు. 3.10 కావాలని పట్టుబట్టేదీ ఇందుకే, తనిఖీ కాని చైన్‌ను తీసి ఇచ్చే దారి ఆ వెర్షన్‌లోనే వచ్చింది.

శుక్రవారం

సపోర్ట్ వాళ్ళకు పనికొచ్చే చిన్న స్క్రిప్ట్ ఒకటి రాస్తున్నాను. సైటు పేరిస్తే విండోస్ తీర్పును తెలుగులో చెప్పాలి. దీనికి విండోస్ ఫంక్షన్లను నేరుగా పిలవాలి. అసలు పనంతా రెండు ఫంక్షన్లదే. మొదటిది సెర్ట్‌గెట్‌సర్టిఫికేట్‌చైన్, చైన్ కడుతుంది. రెండోది సెర్ట్‌వెరిఫైసర్టిఫికేట్‌చైన్‌పాలసీ, ఆ చైన్ ఈ సర్వర్ పేరుకు సరిపోతుందో లేదో చెబుతుంది.

ఈ రెండో ఫంక్షన్ దగ్గర ఆగి చూడాలి. ‘రాంగ్.హోస్ట్.బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్.కామ్’ అని పరీక్షల కోసమే పెట్టిన సైటు ఉంది. సర్టిఫికేట్ వేరే పేరు మీద ఉంటుంది, కాబట్టి కాదనాలి. దాని చైన్ ఇచ్చి పిలిస్తే ఫంక్షన్ ‘ట్రూ’ అని తిరిగి ఇస్తుంది. ఆ ‘ట్రూ’కి అర్థం ‘సర్టిఫికేట్ బాగుంది’ అని కాదు, ‘పరీక్ష చేయగలిగాను’ అని మాత్రమే. అసలు తీర్పు మనం పంపిన స్ట్రక్చర్‌లో ఎర్రర్ అనే గడిలో ఉంటుంది. అక్కడ సున్నా ఉంటేనే సరే. ఈ సైటుకు అక్కడ 800బి010ఎఫ్ వచ్చింది, పేరు కలవలేదని. మొదటి ఫంక్షన్‌దీ ఇదే వరస. రూట్ తెలియకపోయినా చైన్ కట్టి, విజయవంతం అనే చెబుతుంది. చైన్ మీద స్టేటస్ వేరుగా చూసుకోవాలి. ‘ట్రూ’ చూసి సంబరపడే కోడ్ పైకి అచ్చం సరైన కోడ్‌లాగే ఉంటుంది, మంచి సైట్లన్నీ తెరుచుకుంటాయి. చెడ్డ సైటుతో పరీక్షించినప్పుడే దాని బండారం బయటపడేది. అందుకే మా టెస్టుల్లో పాసయ్యేవాటికన్నా ఫెయిల్ కావాల్సినవే ఎక్కువ పెట్టాను: గడువు తీరినది, పేరు కలవనిది, తనకు తానే సంతకం చేసుకున్నది, ఎవరికీ తెలియని రూట్ ఉన్నది.

ఎర్రర్ మాటలు రాయడం సరదాగా ఉంది. 800బి0109 అంటే రూట్ మీద నమ్మకం లేదు: ‘ఈ ఆఫీసు ఫైర్‌వాల్ సర్టిఫికేట్ ఈ కంప్యూటర్‌లో లేదు, మీ ఐటీ వాళ్ళకు చెప్పండి’ అని రాశాను. 800బి0101 కొంచెం తెలివిగా రాయాలి. గడువు తీరినా అదే నంబరు, గడువు ఇంకా మొదలుకాకపోయినా అదే. మన చిన్న ఆఫీసుల్లో దీనికి ఎక్కువగా కారణం సర్వర్ కాదు, మదర్‌బోర్డు మీద బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్. కరెంటు పోయి వస్తే తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. అందుకని ముందు ‘ఈ కంప్యూటర్ తేదీ ఇలా చూపిస్తోంది, సరిగ్గా ఉందా?’ అని అడిగి, ఆ తర్వాతే సర్టిఫికేట్ మాట ఎత్తుతుంది. సపోర్ట్‌లో పనిచేసే అమ్మాయి చూసి, “ఇదొక్కటి వచ్చినా నాకు సగం ఫోన్లు తగ్గుతాయి సార్” అంది.

తర్వాతి సోమవారం, మ్యాక్

మ్యాక్ వాడే క్లయింట్లు తక్కువే. ఇక్కడ ట్రస్ట్‌స్టోర్ ఆపిల్ సెక్యూరిటీ ఫ్రేమ్‌వర్క్‌లో సర్టిఫికేట్లు సరిచూసే సెక్‌ట్రస్ట్‌ను అడుగుతుంది. అడిగే తీరు అదే. చైన్, సర్వర్ పేరు ఇస్తే తీర్పు వస్తుంది. కీచైన్‌లో (మ్యాక్ సర్టిఫికేట్లు దాచే చోట) అడ్మిన్ పెట్టుకున్న రూట్లను అదే చూసుకుంటుంది.

మా ఆఫీసు టెస్ట్ సర్వర్‌కు సొంత రూట్‌తో పదేళ్ళ సర్టిఫికేట్ ఎప్పుడో చేసి ఉంది. విండోస్ ఒప్పుకుంది. మ్యాక్ ససేమిరా అంది, సర్టిఫికేట్ ప్రమాణాలకు తగ్గట్టు లేదని. రూట్‌ను కీచైన్‌లో పెట్టి, ‘ఎప్పుడూ నమ్ము’ అని నొక్కినా అదే మాట. ఆపిల్ నిబంధన ఏమిటంటే, 2019 జులై 1 తర్వాత ఇచ్చిన సర్వర్ సర్టిఫికేట్ల గడువు 825 రోజులు దాటకూడదు. మనం సొంతంగా చేర్చుకున్న రూట్ కింద ఇచ్చినవాటికీ ఇది వర్తిస్తుంది. పేరు కూడా పాత కామన్ నేమ్ గడిలో ఉంటే చాలదు, ఆల్టర్నేటివ్ నేమ్స్‌లో ఉండాలి. కొత్తది ఏడాది గడువుతో చేసి, మళ్ళీ మళ్ళీ చేసుకునే పనిని స్క్రిప్ట్‌కు అప్పగించాను. బయటి సర్టిఫికేట్ల గడువు ఎలాగూ కరిగిపోతోంది. సర్టిఫికేట్లు ఇచ్చే సంస్థలు, బ్రౌజర్ కంపెనీలు కలిసి నడిపే సీఏ బ్రౌజర్ ఫోరం తీర్మానం ప్రకారం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. చేత్తో రెన్యువల్ చేసే రోజులు పోయాయి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో జాబితా చదువుకుని ఉంటే ఈ 825 రోజుల నియమం మాకు ఎప్పటికీ తగిలేది కాదు. తగలడమే మంచిది. మ్యాక్ వాడేవాడి సఫారీ ఒప్పుకోని సర్టిఫికేట్‌ను మా ప్రోగ్రామ్ మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

మంగళవారం, లైనక్స్

సర్వర్ వైపు అప్‌లోడర్ భాగం డాకర్‌లో (ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి విడిగా నడిపే పద్ధతి) నడుస్తుంది. ఇక్కడ తీర్పు చెప్పేవాడే లేడు. లైనక్స్ ఇచ్చేది ఒక ఫైలు. డెబియన్, ఉబుంటుల్లో ఒక చోట, ఫెడోరా వైపు మరో చోట. ట్రస్ట్‌స్టోర్ కూడా ఇక్కడ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఆ ఫైలు ఇచ్చి ఊరుకుంటుంది. నిన్నటిదాకా వద్దనుకున్న జాబితా పద్ధతే ఇక్కడ దిక్కు. కనీసం ఎక్స్‌ఈలో గడ్డకట్టినది కాకుండా, సిస్టమ్ అప్‌డేట్‌తో పాటు మారే జాబితా.

రెండు చిన్న విషయాలు. డాకర్ స్లిమ్ ఇమేజ్‌లో (సైజు తగ్గించిన మూసలో) సీఏ సర్టిఫికేట్ల ప్యాకేజీయే లేకపోవచ్చు, విడిగా ఎక్కించాలి. డెబియన్‌లో సొంత రూట్ చేర్చాలంటే ఫైలు పేరు చివర ‘సీఆర్‌టీ’ అని ఉండాలి, ‘పెమ్’ అని ఉంటే అప్‌డేట్ కమాండ్ దాన్ని కన్నెత్తి కూడా చూడదు.

అసలు తలనొప్పి ఇంకోటి. ఒక క్లయింట్ తన సొంత సర్వర్‌కు మేం డేటా పంపాలంటాడు. విండోస్‌లో పోతోంది, మ్యాక్‌లో పోతోంది, లైనక్స్‌లో పోవడం లేదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కమాండ్‌తో చైన్ తెప్పించి చూస్తే వాళ్ళ సర్వర్ ఒక్క సర్టిఫికేటే పంపుతోంది, మధ్యలో ఉండాల్సిన ఇంటర్మీడియట్ లేదు. సర్టిఫికేట్ లోపలే దాన్ని ఇచ్చినవాళ్ళ సర్టిఫికేట్ ఎక్కడ దొరుకుతుందో అడ్రస్ ఉంటుంది. విండోస్, మ్యాక్ ఆ అడ్రస్‌కు వెళ్ళి తెచ్చుకుంటాయి, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెళ్ళదు. సర్వర్ చూసే ఆయనతో “మా వైపు అన్నీ బాగానే ఉన్నాయండీ” అనే మాట దగ్గరే చాలాసేపు గడిచింది. చివరికి ఆ కమాండ్ ఆయన చేతే కొట్టిస్తే, పూర్తి చైన్ ఉన్న ఫైలు పెట్టారు. మా వైపు నుంచి ఇంటర్మీడియట్‌ను తెచ్చుకునే కోడ్ రాయొచ్చు. రాయను. సర్వర్ సరిగ్గా పంపితే ఎవరికీ బాధ లేదు.

రద్దయిన సర్టిఫికేట్లను పట్టుకోవాలా అన్న చర్చ కూడా ఇవాళే నడిచింది. చైన్ కట్టమన్నప్పుడు మనం ప్రత్యేకంగా అడగకపోతే విండోస్ రద్దు సంగతి చూడదు. అడిగితే రద్దు జాబితా కోసం బయటికి వెళ్ళాలి, ఆ అడ్రస్‌ను క్లయింట్ ఫైర్‌వాల్ ఆపేస్తే మంచి సర్టిఫికేట్ కూడా ఆగిపోతుంది. ఉచితంగా సర్టిఫికేట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అయితే, ఒక సర్టిఫికేట్ రద్దయిందా అని అడిగితే చెప్పే తన ఓసీఎస్‌పీ సర్వర్లనే 2025 ఆగస్టులో మూసేసింది. మేం అడగకూడదనే నిర్ణయించాం. మైక్రోసాఫ్ట్ నిషేధ జాబితా ఎలాగూ వర్తిస్తుంది.

శుక్రవారం, విశాఖ

కొత్త ఎక్స్‌ఈ పంపాం. కలిపి చేసిన ఫైలు తీసేయించాం, వేరియబుల్ తీసేయించాం. మొదటి కౌంటర్ కంప్యూటర్‌లో వెంటనే పనిచేసింది. మిగతావీ వరసగా. గోడౌన్‌లో ఉన్న ఒక్కటి మాత్రం 800బి0109 అంది.

ఐటీ ఆయన అక్కడ సర్టిఫికేట్ మేనేజర్ తెరిచి స్క్రీన్ ఫొటో పంపారు. ఫైర్‌వాల్ రూట్ కనిపిస్తూనే ఉంది. “ఉంది కదండీ!” అన్నారు. ఉంది, కానీ ఏ స్టోర్‌లో? గోడౌన్ కంప్యూటర్ ఆఫీసు విండోస్ డొమైన్‌లో (ఒకేచోటి నుంచి నడిపే కంప్యూటర్ల గుంపులో) లేదు, అందుకని గ్రూప్ పాలసీ దానికి అందలేదు. ఆయన లాగిన్ అయి చేత్తో ఎక్కించారు. ఫైలు మీద డబుల్ క్లిక్ కొట్టి నెక్స్ట్ నెక్స్ట్ అంటే అది ‘కరెంట్ యూజర్’ స్టోర్‌లోకి పోతుంది. మా అప్‌లోడర్ అక్కడ సర్వీస్‌గా, లోకల్ సిస్టమ్ అకౌంట్ కింద నడుస్తుంది. ఆయన సొంత స్టోర్ దానికి కనిపించదు, ‘లోకల్ మెషిన్’లో ఉన్నదే కనిపిస్తుంది. బ్రౌజర్ తెరిచేది ఆయన కాబట్టి బ్రౌజర్‌లో అన్నీ బాగుంటాయి. మళ్ళీ ఎక్కించి, అడిగినప్పుడు ‘లోకల్ మెషిన్’ ఎంచుకోమన్నాను. సర్వీస్ రీస్టార్ట్ చేయగానే నిలిచిపోయిన బిల్లులన్నీ వరసగా పోయాయి.

మా డయాగ్నస్టిక్ స్క్రిప్ట్ ఆయన లాగిన్‌లో నడిపితే అంతా బాగుందనే చెప్పేది. కాబట్టి దాన్ని కూడా సర్వీస్ ఏ అకౌంట్ కింద నడుస్తుందో అదే అకౌంట్ కింద నడిపేలా మారుస్తున్నాను, వచ్చే వెర్షన్‌లో ఉంటుంది.

మిగిలింది జావాలో రాసిన పాత రిపోర్ట్ ప్రింటర్. అది జావా కిట్ అయిన జేడీకేతో వచ్చే ‘సీఏసెర్ట్స్’ అనే రూట్ల ఫైలు చూస్తుంది. విండోస్ స్టోర్‌ను చూడమని ఒక సెట్టింగ్‌తో చెప్పొచ్చు, పేరు ‘విండోస్ రూట్’. విశాఖ ఆయన అదే పెట్టేయమంటున్నారు. కానీ అదీ స్టోర్‌లోని రూట్లను చదువుకోవడమే, చైన్ కట్టేదీ తీర్పు చెప్పేదీ జావాయే. ఫైర్‌వాల్ సమస్య తీరుతుంది, మొదటి వారం మంగళవారం చూసిన రెండు లోట్లూ ఉంటాయి. ప్రింటర్ మాట్లాడేది మా ఒక్క సర్వర్‌తోనే కాబట్టి ప్రస్తుతానికి అదే పెట్టి, టికెట్ తెరిచి ఉంచాను.